పాదాంశ క్రమం: మద్యం తగ్గించుకొనే యాప్‌కు ఒక వైద్యుని పాఠం

గత వైశాఖ మాసంలో మా అన్నగారి మనుమడు విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వచ్చి నాలుగు రోజులు మా యింట ఉన్నాడు. కంప్యూటరు చదువు చదివి ఉద్యోగం చేసుకుంటున్నవాడు. తానూ, మరి ఇద్దరు స్నేహితులూ కలిసి, మద్యపానం తగ్గించుకోదలచిన వారికి తోడ్పడే మొబైలు యాప్ ఒకటి తయారు చేయ సంకల్పించారట. ఒకనాటి సాయంత్రం అరుగుమీద కూర్చుని ఇలా అడిగాడు.

"తాతగారూ! ఎవరు ఎంత తాగారో రోజూ రాసుకొనే పుస్తకం వంటిది చేస్తున్నాం. మానదలచినవారికి మొదటిరోజు నుంచే సున్నా అని లక్ష్యం పెట్టమని చెప్పవచ్చునా?"

ఆ ప్రశ్న వినగానే ముప్ఫయి ఏళ్ల నాటి ఒక ముఖం నా కళ్లముందు మెదిలింది. వెంటనే "అందరికీ అలా చెప్పరాదు నాయనా" అన్నాను. ఎందుకు చెప్పరాదో, ఎలా చెప్పవలెనో ఆ నాలుగు రోజులూ అతనికి వివరించాను. ఆ పాఠమే ఈ వ్యాసం. యాప్‌లతో పనిలేని గృహస్థులు కూడ ఒక నోటుపుస్తకం, ఒక కొలగ్లాసు దగ్గర పెట్టుకొని ఇదే క్రమాన్ని అనుసరించవచ్చును.

శాస్త్రం ఏమి చెప్పింది?

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం "నవేగాంధారణీయం". మలమూత్రాది వేగాలను ఆపరాదని చెప్పే అధ్యాయంగా ఇది ప్రసిద్ధం. అందులోనే, అలవాటైపోయిన అహితాన్ని ఎలా వదలవలెనో, అలవాటు లేని హితాన్ని ఎలా అలవరచుకోవలెనో చెప్పబడింది. దీనికే పాదాంశ క్రమమని పేరు. పాదమనగా నాల్గవవంతు. అహితంలో ఒక పాదం తగ్గించి, ఆ స్థానంలో హితాన్ని ఒక పాదం చేర్చవలెను. మధ్య వ్యవధినిస్తూ రెండవ పాదం, మూడవ పాదం తగ్గించుకుంటూ పోవలెను. ఆ వ్యవధి కూడ ఒకరోజు, రెండురోజులు, మూడురోజులు అని క్రమంగా పెరుగుతుంది.

వాగ్భటుడు అష్టాంగహృదయ సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఇదే విషయాన్ని చెబుతూ, నాల్గవవంతు చొప్పున గాని, అదీ కష్టమైతే నాల్గవవంతులో నాల్గవవంతు చొప్పున గాని వదలమన్నాడు. తొందరపడి ఒక్కసారిగా వదలితే ఆ వదలుటయే రోగానికి కారణమగునని హెచ్చరించాడు.

ఇందులో పాఠకులు గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, తగ్గింపు మెట్లు మెట్లుగా ఉండవలెను. రెండవది, తీసివేసిన చోటు ఖాళీగా ఉండరాదు. చాలమంది మొదటిదానిని వింటారు, రెండవదానిని మరచిపోతారు.

గురువుగారి సన్నిధిలో పందొమ్మిదవ యేటనే ఈ శ్లోకాలను నేను కంఠస్థం చేశాను. కంఠంలో ఉన్నది అవసరమైన వేళ బుద్ధికి అందలేదు. ఆ సంగతి చెప్పక తప్పదు.

నా వలన జరిగిన పొరపాటు

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో సారాయిపై తిరగబడిన సంగతి మనకందరికీ తెలుసు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాయి నిషిద్ధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ నెలలోనే నాగావళి ఒడ్డు గ్రామం నుంచి ఒక గృహిణి తన భర్తను నా వద్దకు తీసుకువచ్చింది. ఆయన వయస్సు నలుబది దాటింది. ఏళ్ల తరబడి నిద్రలేచింది మొదలు త్రాగేవాడు. "దుకాణాలు మూసేశారు కదా బాబూ, ఇదే అదను, ఈయనచేత మానిపించండి" అని ఆమె ప్రార్థించింది.

నేను ఎంతో ఉత్సాహపడ్డాను. అరసవల్లి సూర్యనారాయణస్వామి పేర ఆయనచేత ఒట్టు పెట్టించాను. ఆనాటి నుంచి చుక్క ముట్టరాదన్నాను. ఒక కషాయం, ఒక చూర్ణం ఇచ్చి పంపాను. ఉదయం పూట చేతులు వణుకుతాయా, త్రాగిన తరువాత గాని ఆ వణుకు తగ్గదా అని ఒక్క మాట అడగలేదు.

మూడవనాటి రాత్రి ఆయనకు ఒళ్లంతా చెమటలు పట్టి వణుకు పుట్టింది. గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు. ఏదో గాలి సోకిందని ఇంటివారు మంత్రగానిని పిలిపించారు. ఆ విధంగా ఒక పూట గడిచిపోయింది. తెల్లవారుజామున మూర్ఛలు వచ్చాయి. ఆమె పరుగున వచ్చి, "ఏటి బాబూ, మందు మాన్పిత్తే మనిసే పోయేటట్టున్నాడు" అని ఏడ్చింది. ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. జీపు మాట్లాడి ఆసుపత్రికి తరలించాము. అక్కడి వైద్యులు నరాలకు శాంతినిచ్చే మందులు, బి1 విటమిను ఇంజక్షన్లు ఇచ్చి ప్రాణం నిలిపారు. అయితే ఆయన జ్ఞాపకశక్తి పూర్తిగా తిరిగి రాలేదు. ఉదయం తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఆమె నన్ను ఒక్కనాడూ నిందించలేదు. నా తప్పు నాకు తెలుసు.

ఏళ్ల తరబడి నిత్యం అధికంగా త్రాగేవాని మెదడు ఆ మత్తుకు ఎదురునిలిచి పనిచేయుటకు అలవాటు పడి ఉంటుంది. మత్తు హఠాత్తుగా తొలగితే ఆ ఎదురుబలం అదుపు తప్పుతుంది. మానిన ఆరు గంటలు మొదలు ఒక రోజులోపల వణుకు, చెమట, ఆందోళన పుడతాయి. రెండు రోజులలోపు మూర్ఛలు రావచ్చును. రెండవరోజు నుంచి నాల్గవరోజు మధ్య మతిభ్రమ కలుగవచ్చును. ఇది ప్రాణాంతకమైన స్థితి. గాలి, ధూళి కాదు.

యాప్ మొదటి పుట: జల్లెడ

కనుక మా మనుమనితో, "నీ యాప్ మొదటి పుటలో లక్ష్యం అడుగవద్దు, ప్రశ్నలు అడుగు" అన్నాను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు రూపొందించిన "ఆడిట్" అను పది ప్రశ్నల పరీక్ష ఇందుకు సిద్ధంగా ఉంది. మొత్తం 40 మార్కులు. 8 గాని, అంతకు మించి గాని వస్తే ఆ త్రాగుడు హాని చేసే స్థాయిలో ఉన్నదని అర్థం. 20 గాని, అంతకు మించి గాని వస్తే వ్యసనంగా బిగిసి ఉండవచ్చునని గ్రహించి వైద్యుని చూడవలెను.

దానికి తోడు ఈ ప్రశ్నలను విడిగా, తేట తెలుగులో అడుగవలెను. ఉదయం లేవగానే చేతులు వణుకుతాయా? ఆ వణుకు ఆగుటకే త్రాగుతారా? ఇంతకు ముందు మానినపుడు మూర్ఛ గాని, భ్రమ గాని కలిగిందా? కామెర్లు, పొట్ట ఉబ్బుట, రక్తపు వాంతులు ఉన్నాయా? వీటిలో ఏ ఒక్కదానికి "అవును" అని వచ్చినా, యాప్ అక్కడే ఆగి వైద్యుని వద్దకు దారి చూపవలెను. ఇటువంటివారికి పాదాంశ క్రమం కూడ ఇంట్లో సొంతంగా చేయదగినది కాదు. వైద్యుని పర్యవేక్షణలోనే జరుగవలెను. మూర్ఛ, మతిభ్రమ కనిపిస్తే 108కి ఫోను చేసి వెంటనే పెద్దాసుపత్రికి చేర్చవలెను. మన ప్రాంతంవారికి విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. వ్యసన విముక్తి సలహాలకు 14446, మానసిక ఆరోగ్య సలహాలకు టెలీమానస్ 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చును. ఈ నంబర్లు యాప్‌లో ఎక్కడో అడుగున కాక, ప్రతి పుట పైభాగాన ఉండవలెను.

రెండవ పుట: కొలత

తగ్గించవలెనంటే ముందు ఎంత ఉన్నదో తెలియవలెను. "రెండే పెగ్గులు" అనువారు అబద్ధం చెప్పరు, కొలవరు. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలో 10 గ్రాముల ఆల్కహాలు ఒక కొలత. మన దుకాణాలలో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ములలో సామాన్యంగా నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక కొలత, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండు కొలతలు, 180 మిల్లీలీటర్ల క్వార్టరు ఆరు కొలతలు.

బీరు విషయంలో భ్రమ మరింత ఎక్కువ. 650 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 5 పాళ్ల బీరు ఉంటే అది రెండున్నర కొలతలు. 8 పాళ్ల స్ట్రాంగ్ బీరైతే నాలుగు కొలతలు. "బీరే కదా" అని సీసా ముగించినవాడు నాలుగు చిన్న పెగ్గులు పుచ్చుకున్నవానితో సమానం.

తాటికల్లు, ఈతకల్లు, ఏజెన్సీ ప్రాంతపు జీలుగుకల్లులకు నిలకడైన లెక్క లేదు. దించిన వేళకు, ఎండెక్కిన వేళకు పులుపూ, మత్తూ మారిపోతాయి. వీటికి గ్లాసుల సంఖ్య, వేళ మాత్రమే రాయించవలెను. నాటుసారాకు కొలత ఇచ్చి తగ్గించుకోమనుట అసలే తగదు. అందులో ఏముందో కాచినవానికే తెలియదు.

యాప్ తయారుచేయువారు ఇచట "క్వార్టరు", "హాఫు", "బీరు సీసా", "గ్లాసు" అనే మాటలే వాడవలెను. త్రాగేవాడు యూనిట్లలో త్రాగడు. అతని భాషలో రాసుకోనిచ్చి, కొలతలుగా మార్చే పని యంత్రం చేయవలెను. తెలుగు చదవలేనివారికి మాటలు వినిపించవలెను. ఇంటర్నెట్ అందని పల్లెలోనూ పనిచేయవలెను.

మూడవ పుట: హేతువు

రోగానికి హేతువు తెలియక చికిత్స లేదు. మొదటి వారం రోజులూ ఏమీ తగ్గించకుండా, ఎపుడు, ఎవరితో, ఏ మనస్థితిలో త్రాగాడో మాత్రమే రాయించవలెను. వారాంతానికి ఆ మనిషికే తన సంగతి తెలిసివస్తుంది. ఒకరికి జీతాల రోజు. ఒకరికి ఆదివారం మధ్యాహ్నపు మాంసాహారం. కనుమనాడు, గ్రామదేవత పండుగనాడు బంధువుల బలవంతం మరొకరికి. పదవీ విరమణ చేసిన ఒక ఉద్యోగి తన పుస్తకం చూసుకొని, "నాది దాహం కాదండీ, సాయంత్రం ఆరుగంటలు" అన్నాడు. అటువంటివానికి మందుకంటె ఆరుగంటలకు ఒక పని అవసరం.

అహితమైన వాటినుంచి మనస్సును మరల్చుటను చరకుడు సత్త్వావజయ చికిత్స అన్నాడు. మనస్సు ఏ దారిన పోతున్నదో తెలియనిదే దానిని మరల్చలేము.

నాల్గవ పుట: పాదం చొప్పున తగ్గింపు

వణుకు మొదలైన లక్షణాలు లేనివారికి మాత్రమే ఈ పుట తెరుచుకోవలెను. రోజూ ఒక క్వార్టరు, అనగా ఆరు కొలతలు త్రాగే వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాము. మొదటి మెట్టు 135 మిల్లీలీటర్లు. రెండవది 90. మూడవది 45. నాల్గవది సున్నా. శాస్త్రంలో వ్యవధి రోజులలో చెప్పబడినా, నేటి మా అనుభవంలో ఒక్కొక్క మెట్టుకు ఒక వారం ఇచ్చుట మేలు. పాదం తగ్గించుట భారమైనవారికి వాగ్భటుడు చెప్పినట్లు పాదంలో పాదం, అనగా 11 మిల్లీలీటర్ల చొప్పున తగ్గించవచ్చును. ఏ మెట్టులోనైనా వణుకు, చెమట, నిద్రలేమి ఎక్కువైతే యాప్ మొదటి పుటకు తిరిగి తీసుకుపోయి వైద్యుని చూడమనవలెను.

తీసివేసిన పాదం స్థానంలో హితం చేరవలెనని చెప్పుకున్నాము. దానికి ఇంటి వస్తువులు చాలును. పలుచని మజ్జిగలో సైంధవలవణం, అల్లం, కరివేపాకు. ధనియాలు రాత్రి నానబెట్టి వడగట్టిన నీరు. మదాత్యయానికి శార్ఙ్గధరుడు చెప్పిన ఖర్జూరాది మంథం కూడ ప్రశస్తం. ఖర్జూరం, ఎండుద్రాక్ష, దానిమ్మ గింజలు, చింతపండు, ఉసిరి వంటివి నలుగగొట్టి, నాలుగు రెట్ల చల్లని నీటిలో చిలికి, వడగట్టి పుచ్చుకోవలెను. మధుమేహం ఉన్నవారు దీనిని మాని మజ్జిగనే ఎంచుకోవలెను. పొట్ట నిండి ఉంటే కోరిక మందగిస్తుంది గనుక సాయంత్రం భోజనం ఆలస్యం చేయరాదు.

ఇచట ఒక హెచ్చరిక. మా శాస్త్రంలోని ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి చేసేవి. ద్రాక్షాసవం, దశమూలారిష్టం వంటి వాటిలో స్వయంగా పుట్టిన ఆల్కహాలు ఉంటుంది. మద్యం మానుకుంటున్నవారు ఇవి తీసుకొనేముందు సీసామీది చీటీ చదివి, వైద్యునికి తమ సంగతి చెప్పవలెను. చూర్ణం, కషాయం రూపంలో ప్రత్యామ్నాయాలు ఉన్నాయి.

తెలియకుండ పెట్టే మందులు

"తాగేవారికి తెలియకుండ కూరలో కలిపి పెట్టండి, వారంలో మానేస్తారు" అనే ప్రకటనలు చూసి ఎందరో గృహిణులు నన్ను అడుగుతుంటారు. ఎన్నడూ అలా చేయరాదు. ఇటువంటి పొడులలో కొన్నిటిలో డైసల్ఫిరామ్ అను మందు ఉండవచ్చును. అది కడుపులో ఉండగా మద్యం పడితే వాంతులు, గుండెదడ, రక్తపోటు పడిపోవుట కలిగి ప్రాణం మీదికి వస్తుంది. వైద్యులు ఇచ్చే మందే, కాని రోగికి తెలిపి, అతని సమ్మతితో ఇస్తారు. యాప్‌లో ఇటువంటి ప్రకటనలకు చోటివ్వరాదని మా మనుమని వద్ద మాట తీసుకున్నాను.

తప్పిన రోజు ఏమి చెప్పవలెను?

యాప్ ఎంత మంచిదో తెలిసేది లక్ష్యం నెరవేరిన రోజున కాదు, తప్పిన రోజున. ఎర్రరంగులో "మీరు విఫలమైనారు" అని చూపితే ఆ మనిషి మరునాడు దానిని తెరువడు. "నిన్న నాలుగు కొలతలు. ఈ రోజు ఏ మెట్టు మీద నిలబడదాము?" అని అడిగితే చాలును.

అయ్యప్ప దీక్షలో 41 రోజులు నిష్ఠగా ఉండి, మాల తీసిన రాత్రి ఒక్కసారిగా త్రాగేవారిని చూస్తున్నాము. కొంతకాలం మద్యం మాని, మరల హఠాత్తుగా అతిగా సేవించినవానికి ధ్వంసకం, విక్షయం అను రెండు వ్యాధులు కలుగునని చరకుడు చికిత్సాస్థానం ఇరువది నాల్గవ అధ్యాయంలో చెప్పాడు. కనుక యాప్ 41వ రోజున అభినందనలు చెప్పి ఊరుకోరాదు. 42వ రోజుకు ఏమి ఏర్పాటు అని ముందు వారమే అడుగవలెను.

రాసుకున్నది ఎవరి కంటా పడదన్న నమ్మకం కూడ ఉండవలెను. భార్య గాని, యజమాని గాని చూస్తారనుకుంటే నిజం రాయరు. ఇంటివారికి చూపుటా, మానుటా అతని ఇష్టం. గృహిణులు సైతం ఆ పుస్తకాన్ని తగవుకు సాక్ష్యంగా వాడరాదు.

యాప్ చేయగలిగినది, చేయలేనిది

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు "డ్రింక్ లెస్" అనే యాప్‌ను ఐదువేలకు పైబడిన మందిపై పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. కేవలం సలహాల పుట చదివినవారితో పోలిస్తే యాప్ వాడినవారిలో తగ్గుదల కొంత ఎక్కువ. లెక్కించే పద్ధతిని బట్టి ఆ తేడా వారానికి ఒకటి రెండు కొలతలు మాత్రమే. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు నాలుగు విడతలకు మించకుండ కూర్చుని మాట్లాడగా పురుషులలో ప్రమాదకరమైన త్రాగుడు తగ్గినట్లు 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. అనగా యంత్రం మేలు చేస్తుంది, మనిషి మాట తోడైతే ఆ మేలు నిలుస్తుంది.

"యుక్తితో సేవిస్తే మద్యం అమృతమని చరకుడే అన్నాడు గదా" అని కొందరు విద్యావంతులు వాదిస్తారు. అదే అధ్యాయంలో మద్యానికి గల పది గుణాలు ఓజస్సునకు గల పది గుణాలకు విరుద్ధమని కూడ చెప్పబడింది. ఆల్కహాలు ఏ కొద్ది మోతాదులోనూ పూర్తిగా నిరపాయం కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. కావున తగ్గించుట గమ్యం కాదు, గమ్యానికి మెట్లు.

1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో తొలగింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీగా దుకాణాలు తగ్గించారు. 2024 అక్టోబరు నుంచి మరల ప్రైవేటు దుకాణాలు వచ్చాయి. దుకాణాలు మూతపడినా, తెరుచుకున్నా, ఇంట్లో కూర్చుని తన లెక్క తాను రాసుకొనే పని ఎవరి చేతిలోనైనా ఉన్నది.

మా మనుమడు తిరుగు ప్రయాణమయ్యే ముందు తన ఫోనులో మొదటి పుట మార్చి చూపించాడు. "లేవగానే చేతులు వణుకుతాయా?" అని పెద్ద అక్షరాలలో ఉంది. ఆ ప్రశ్న నేను 1995లో అడగవలసినది. ఈ వ్యాసం చదివినవారు తమ ఇంట్లో ఎవరినైనా మానమని చెప్పేముందు దానిని ఒక్కసారి అడుగుదురుగాక.